ఎర్రచందనం మొలకలు లెక్కపెట్టాలంటే: తిరుపతిలో నా పీహెచ్‌డీ అనుభవం

ఎర్రచందనం మీద పీహెచ్‌డీ చేస్తున్నానంటే తిరుపతిలో ఎవరైనా మొదట అడిగే ప్రశ్న ఒకటే: "టన్ను ఎంత పలుకుతోంది?" ఇంటి ఓనర్ అడిగారు, ఆటో అన్న అడిగాడు, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళూ అడిగారు. నాకు కావలసింది దుంగలు కాదు, జానెడు కూడా లేని మొలకలు అని చెప్పేసరికి వాళ్ళ ఆసక్తి చల్లారిపోయేది.

ఈమధ్య కొత్తగా చేరిన స్కాలర్లు ఫీల్డ్ పర్మిషన్ ఎలా వచ్చింది, పేపర్ ఎలా పడింది అని వరసగా అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకేసారి రాసేద్దామనిపించింది.

ముందు సంగతేంటో చెబుతాను. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తమ్మీద తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు, లంకమల చుట్టుపక్కల రాతి నేలల్లో. 1995 నుంచి సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది, అంటే దీని అంతర్జాతీయ వ్యాపారం మీద కట్టడి ఉంది. నరికివేత గురించి అందరూ మాట్లాడతారు. నరికిన చోట మళ్ళీ మొక్క వస్తోందా అన్నది నా ప్రశ్న. దీని కాయ గుండ్రంగా ఉంటుంది, చుట్టూ పల్చటి రెక్క, మధ్యలో గట్టి బొడిపె, అందులో ఒకటో రెండో గింజలు. గాలికి ఎగిరి పడే కాయలు బోలెడు, వాటిలో మొలిచేవి కొన్నే. మొలిచినవాటికి ఎండ ఉంది, పశువులు ఉన్నాయి, మంటలు ఉన్నాయి. వీటిలో దేని పాత్ర ఎంత?

ఎంట్రన్స్, ఇంటర్వ్యూ, కోర్స్‌వర్క్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అందరిదీ ఒకటే కథ. కోర్స్‌వర్క్‌లో యూజీసీ పెట్టిన రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ పేపర్‌ను మాత్రం పాస్ మార్కుల కోసం చదివి వదిలెయ్యకండి. అది తర్వాత ఎక్కడెక్కడ అక్కరకొస్తుందో నేను ఊహించలేదు.

అసలు కథ అనుమతి దగ్గర మొదలైంది. శ్రీవెంకటేశ్వర జాతీయ పార్కులో ఏ అధ్యయనం చెయ్యాలన్నా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. అర్జీ మన చేత్తో నేరుగా ఇచ్చేది కాదు. గైడ్ సంతకం, హెచ్‌ఓడీ సంతకం, యూనివర్సిటీ ఫార్వర్డింగ్ లెటర్, సినాప్సిస్, బోనఫైడ్, వెంట వచ్చే వాళ్ళ పేర్లు, ఆధార్ కాపీలు, బండి నంబరు, మ్యాపు అన్నీ జత చెయ్యాలి. మా గైడ్ మేడమ్‌కు ఇవన్నీ కొట్టిన పిండి. "రెండు సెట్లు కాదమ్మా, నాలుగు సెట్లు తీయించు, ఒకటి నీ దగ్గరే పెట్టుకో" అన్నారు. ఆ నాలుగో సెట్టే చివరిదాకా నన్ను కాపాడింది.

మొదటి అర్జీకి జవాబుగా కొర్రీలు వచ్చాయి. అటవీశాఖ లెక్కలో ఏ రేంజి, అందులో ఏ సెక్షను, అందులోనూ ఏ బీటు? మొక్కలు లెక్కపెట్టే ప్లాట్లు ఎన్ని, ఒక్కో ప్లాటు కొలత ఎంత? ఏ నెలల్లో వస్తారు? సాయంత్రం ఎన్ని గంటలకు బయటికి వస్తారు? ఆకు గానీ గింజ గానీ మట్టి గానీ బయటికి తెస్తారా, తెస్తే ఎన్ని గ్రాములు? పార్కు బయట రిజర్వు ఫారెస్టులో ఈ పని ఎందుకు కాదు? తోటి స్కాలర్లు అది చూసి ఇక అయిపోయింది పో అన్నారు. మేడమ్ మాత్రం కాగితం రెండుసార్లు చదివి, "ఈ ప్రశ్నలు మన రీసెర్చ్ కమిటీలో ఒక్కరూ అడగలేదే!" అని నవ్వారు.

నిజమే. సినాప్సిస్‌లో "శేషాచలం అడవుల్లో ఎర్రచందనం సహజ పునరుత్పత్తి" అని రాస్తే కమిటీకి సరిపోయింది. బీటు పేరు రాయాలంటే మాత్రం ఆ బీటే ఎందుకో నాకు తెలియాలి. అక్కణ్ణుంచే నా పరిశోధన ఒక దారిలో పడింది. నాసా వాళ్ళు ఉపగ్రహాలు పసిగట్టిన మంటల సమాచారాన్ని ఫర్మ్స్ అనే పేరుతో ఉచితంగా ఇస్తారు. మోడిస్ సెన్సర్‌ది 1 కిలోమీటరు గడి, 2012 నుంచి వస్తున్న వీర్స్‌ది 375 మీటర్లు. ఏళ్ళ తరబడి చుక్కలన్నీ దించుకుని శేషాచలం మ్యాపు మీద పరిస్తే కొన్ని చోట్లు ఫిబ్రవరి నుంచి మే దాకా తరచూ కాలుతున్నాయి, పక్కనే కొన్ని చోట్లు ఎప్పుడో గానీ కాలడం లేదు. ఎత్తు, వాలు దాదాపు ఒకేలా ఉన్న చోట్లను జంటలుగా ఎంచుకున్నాను. కొర్రీలకు జవాబు రాయడం పూర్తయ్యేసరికి నా మెథడ్స్ చాప్టర్ సగం పూర్తయింది. ఆకుల విషయంలో మేమే తగ్గాం. జాతీయ పార్కులో ఆకు కూడా తెంపకుండా లెక్క, కొలత, ఫోటో, అంతే. ఎండబెట్టి దాచే హెర్బేరియం నమూనాలు పార్కు బయటి నుంచి. అలా రాశాక ఫైలు కదిలింది.

అనుమతి పత్రంలో షరతులు బారెడు. బీట్ ఆఫీసర్ గానీ బేస్ క్యాంపు వాచర్ గానీ లేకుండా లోపలికి పోకూడదు, రాత్రి ఉండకూడదు, చెట్లున్న స్థలాల వివరాలు ఎక్కడా అచ్చు వెయ్యకూడదు, పని పూర్తయ్యాక రిపోర్టు ఇవ్వాలి. ఆ మూడోదాన్ని బాగా గుర్తుపెట్టుకోండి.

ఫీల్డు పని పైకి చాలా సాదా. 10 మీటర్ల చదరంలో పెద్ద చెట్ల చుట్టుకొలత 1.37 మీటర్ల ఎత్తులో టేపుతో తీసుకోవాలి. అందులోనే 1 మీటరు చదరాలు కొన్ని వేసి మొలకలు లెక్కపెట్టాలి. ఆ చదరం కోసం ప్లంబర్ షాపులో పీవీసీ పైపు ముక్కలు, ఎల్బోలు కొనుక్కున్నాం. విడదీస్తే బ్యాగులో పట్టేస్తుంది. ఒక్కో మొలకకు వెర్నియర్‌తో మొదలు మందం, స్కేలుతో ఎత్తు, కాలిందా, పశువులు మేశాయా, కొత్తగా చిగురేసిందా అన్నీ రాసుకుని, పక్కన నంబరు కొట్టిన చిన్న అల్యూమినియం రేకు. రంగు రిబ్బన్లు కట్టొద్దని సెక్షన్ ఆఫీసర్ ముందే చెప్పారు. దూరం నుంచి కనపడే ఏ గుర్తయినా ఇంకెవరికో దారి చూపిస్తుందట.

కష్టమంతా గుర్తుపట్టడంలో ఉంది. పెద్ద చెట్టయితే మొసలి చర్మంలా పగిలిన నల్లటి బెరడు చూసి ఎవరైనా చెబుతారు. ఆకులో మూడు ఆకుముక్కలు ఉంటే చందనం, ఐదు నుంచి ఏడు ఉంటే దాని దాయాది వేగిస అని పుస్తకం చెబుతుంది. మోకాళ్ళ మీద కూర్చుని, ఎండిన బోదగడ్డి పక్కకు తోసి, రెండాకుల మొలకను చూస్తున్నప్పుడు ఆ పుస్తకం పనికిరాదు. నేను లెన్సు తీసేలోపే మా వెంట వచ్చిన వాచర్ అన్న, "అది వేగిస పాపా, రాసుకోవాకు" అనేవాడు. ఎట్లా తెలిసిందన్నా అంటే, "దినామూ చూస్తా ఉండాం గదా" అనేవాడు, అంతకు మించి చెప్పేవాడు కాదు. నేను నోరు మూసుకుని ఒప్పేసుకుంటే అది సైన్సు కాదు. అందుకని అనుమానంగా ఉన్న మొలకలను పట్టికలో వేరే కాలమ్‌లో రాసి, ట్యాగ్ కట్టి, ఈశాన్య రుతుపవనాల వానలు పడి ఆకులు పెరిగాక మళ్ళీ వచ్చి చూశాం. అన్న మాట దాదాపు ప్రతిసారీ నిలబడింది. నా థీసిస్‌లో ఈ సరిపోల్చడం మీద చిన్న పట్టిక ఉంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పట్టిక అదే.

మంటలు, మేత గురించి కొండ కింద పల్లెల్లో వాళ్ళతోనూ మాట్లాడాలి. మనుషులతో ఇంటర్వ్యూ అంటే యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ ముందుకు పోవాలి. ప్రశ్నల పట్టిక, తెలుగులో అంగీకార పత్రం, పేర్లు ఎలా దాచిపెడతాం, అన్నీ చూస్తారు. అక్కడ ఇబ్బంది రాలేదు. ఇబ్బంది ఊళ్ళో వచ్చింది. భాకరాపేట వైపు ఒక పల్లెలో ఒక పెద్దావిడ నాతో అరగంట సేపు ఉసిరికాయల గురించి, తప్పిపోయిన మేక గురించి హాయిగా కబుర్లు చెప్పింది. అంగీకార పత్రం తియ్యగానే లేచి నిలబడింది. "చందనం కాయితం మింద ఏలిముద్ర ఏస్తే, రేపు పోలీసోళ్ళు వొస్తే ఎవురు జవాబు చెప్పల్ల పాపా? నువ్వుంటావా?"

ఆమెదే న్యాయం. ఎర్రచందనం కేసుల పేరు వింటేనే ఆ చుట్టుపక్కల పల్లెల్లో జనం హడలిపోతారు. సంతకం ఉంటే మనిషికి రక్షణ అని మా ఫారం అనుకుంటుంది, అక్కడ సంతకమే ముప్పు. మళ్ళీ కమిటీకి రాశాం: కాగితం బదులు నోటిమాట అంగీకారం, పక్కన ఒక సాక్షి, రికార్డింగ్ లేదు, మనిషి పేరే కాదు, ఊరి పేరు కూడా ఎక్కడా ఉండదు. ప్రశ్నల్లోంచి చందనం మాటే తీసేసి మంట, మేత, కట్టెలు అని అడిగాం. కమిటీ ఒప్పుకుంది. ఆ పెద్దావిడే తర్వాత, ఏ గుట్ట మీద గడ్డి ఏ నెలలో ఎండుతుందో, పశువులు ఏ దారిన ఎక్కుతాయో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. మంట ఎవరు పెడతారని నేను అడగలేదు. ఆమే అంది: "పెట్టేది ఎవురైతేనేం, ఎండుగడ్డికి బీడీ ముక్క చాలదా?"

డేటా ఇంటికొచ్చాక కొత్త టెన్షన్. ఎక్సెల్ షీటు నిండా సున్నాలు. చాలా చదరాల్లో ఒక్క మొలకా లేదు, అక్కడక్కడా ఒకే చోట గుంపుగా ఉన్నాయి. సగటు తీస్తే అడవిలో ఎక్కడా లేని ఒక అంకె వస్తుంది. స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఒక సార్ దగ్గర కూర్చుంటే ఆయన, "సున్నాలు కూడా డేటానే అమ్మా, తీసెయ్యొద్దు" అని మొదలుపెట్టారు. లెక్కపెట్టిన సంఖ్యలకు మామూలుగా వాడే పాయిజాన్ పద్ధతి సగటూ చెదురూ (అంటే వేరియెన్స్, అంకెలు సగటుకు అటూఇటూ ఎంత చెదిరి ఉన్నాయన్న కొలత) సమానమని అనుకుంటుంది. నా డేటాలో చెదురు చాలా ఎక్కువ, కాబట్టి నెగటివ్ బైనామియల్ తీసుకోవాలి. రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఒకే బీటులోని చదరాలు ఒకే ఇంటి పిల్లల్లా ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. వాటిని వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కిస్తే మన సాక్ష్యం ఉన్నదానికన్నా బలంగా కనపడుతుంది. అందుకని బీటును రాండమ్ ఎఫెక్ట్‌గా పెట్టాలి. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో జీఎల్ఎంఎం టీఎంబీ అనే ప్యాకేజీ ఈ రెండు పనులూ చేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. హాస్టల్ వైఫై ఉన్నంతసేపూ దాంతోనే కుస్తీ.

పేపర్ సంగతికొస్తే, యూజీసీ 2022 నిబంధనల్లో థీసిస్ ఇవ్వడానికి ముందు పేపర్ తప్పనిసరి కాదు. కానీ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పోతే అక్కడ ఎవరూ ఆ నిబంధన చదివి కూర్చోరు. డబ్బు కడితే వారంలో అచ్చేస్తామనే మెయిళ్ళు రోజూ వస్తాయి. చదవకుండా డిలీట్ చెయ్యండి. మేం పంపిన పత్రికలో సమీక్షకులు ఇద్దరు. ఒకరు భాష దిద్దమన్నారు. రెండో ఆయనో ఆవిడో, రెండు అడిగారు. ఆకు నమూనాలు బయటి దేశం ల్యాబుకు పంపి విశ్లేషణ చేయించవచ్చు కదా అన్నది మొదటిది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం దానికి చెన్నైలోని జాతీయ సంస్థ అనుమతి కావాలి, పైగా ఆకు కొయ్యబోమని ముందే రాసిచ్చాం. జవాబు సులువుగా వెళ్ళిపోయింది.

రెండోది అంత సులువు కాదు. ప్రతి ప్లాటు అక్షాంశ రేఖాంశాలూ అందరికీ అందుబాటులో పెట్టమన్నారు. డేటా దాచకూడదు, ఇంకొకరు సరిచూసుకునే వీలుండాలి అన్నది సైన్సులో మంచి నియమం. నేనూ దాన్ని నమ్ముతాను. ఎర్రచందనం దగ్గర మాత్రం అది దొంగకు దారి చెప్పడమే. జీపీఎస్ అంకెలు పెడితే చదివేది శాస్త్రవేత్తలొక్కరే కాదు కదా. అనుమతి పత్రంలోని మూడో షరతు అప్పుడు అక్కరకొచ్చింది. దాని అనువాదం జతచేసి, మధ్యేమార్గం ఒకటి చెప్పాం: స్థలాలను 0.1 డిగ్రీకి సవరించి ఇస్తాం. అంటే సుమారు 11 కిలోమీటర్ల గడి. మొలకల సంఖ్య, వాలు, మట్టి తేమ, మంటల చరిత్ర పూర్తిగా ఇస్తాం, బీటు పేర్ల బదులు అక్షరాలు. మోడల్ మళ్ళీ నడిపి చూసుకోవడానికి అది చాలు, చెట్టు దగ్గరికి నడిచి వెళ్ళడానికి చాలదు. ఎడిటర్ ఒప్పుకున్నారు. సమీక్షకుడు తర్వాత కూడా కాస్త సణిగారు గానీ అడ్డుపడలేదు.

థీసిస్ ప్లేజరిజం చెకింగ్ గురించి భయపెట్టే కథలు వింటూ ఉంటాం. 2018 యూజీసీ నిబంధనల్లో 10 శాతం దాకా పోలిక ఉంటే చర్య లేదు. రిఫరెన్సులు, వరసగా 14 మాటల లోపు మామూలు పదబంధాలు లెక్కలోకి రావు. నా సొంత పేపరే ఎర్రగా చూపించింది. గైడ్ సర్టిఫికెట్‌తో దాన్ని తీసేశారు. థీసిస్‌లు ఆన్‌లైన్‌లో అందరికీ కనపడేలా పెట్టే శోధ్‌గంగలో ఎక్కించే కాపీలోనూ మ్యాపులు ముతక గడులతోనే ఉన్నాయి.

వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ నింపాదిగా అడిగారు: "తరచూ కాలే చోటు మామూలుగానే పొడిగా ఉండే చోటు కావచ్చు. మొలకలు తగ్గింది మంటవల్లా, పొడివల్లా?" మంచి ప్రశ్న. వాలు, మట్టి తేమ మోడల్‌లో ఉన్నాయి కాబట్టి అవి పోగా కనపడే సంబంధం ఇదీ అని చెప్పాను. కారణం అని థీసిస్‌లో ఎక్కడా రాయలేదు. కారణం తేల్చాలంటే కావాలని కొంత అడవి కాల్చి చూడాలి, దానికి ఎవరూ అనుమతివ్వరు, ఇవ్వకూడదు కూడా. దానికి బదులు, ఫైర్ లైను (గడ్డి తీసేసిన ఖాళీ పట్టీ) కొట్టి మంట రాకుండా కాపాడిన ప్లాట్లను పక్కనే కాపాడని వాటితో ఏళ్ళ తరబడి పోల్చొచ్చు అన్నాను. "అయితే ఆ అర్జీ ఎప్పుడు పెడుతున్నావు?" అన్నారాయన.

అనుమతి షరతు ప్రకారం థీసిస్ కాపీ, రిపోర్టు రేంజి ఆఫీసులో ఇచ్చాను. రేంజర్ గారు తిరగేసి, "ఇంతా చదివే టైమ్ మా బీట్ వాళ్ళకు ఉండదమ్మా, ఫైర్ లైను ముందు ఎక్కడ కొడితే మొలకలకు మేలో ఒక్క పేజీలో తెలుగులో రాసివ్వు" అన్నారు. ఎ4 కాగితం మీద బీటు పేర్లు వరసగా రాసి, ఒక్కోదాని ఎదురుగా గడ్డి ఎండే నెల, మొలకలు గుంపుగా ఉన్న వాలు, లైను కొట్టాల్సిన వైపు రాసి ఇచ్చాను. ఆ పేజీ మాత్రం శోధ్‌గంగలో లేదు.