ఫొటో తీసేస్తే సరిపోయిందా?

తెనాలిలో మా తమ్ముడికి మిఠాయి కొట్టుంది. కల్తీ నెయ్యి తనిఖీల వార్తకు ఒక న్యూస్ వెబ్‌సైట్ వాడి కొట్టు ఫొటో పెట్టేసింది. తనిఖీ జరిగింది వేరే ఊళ్లో, వేరే కొట్లో. ఎప్పుడో పండగ రద్దీ మీద రాసినప్పటి ఫొటో అది. బోర్డు మీద పేరు స్పష్టంగా చదవొచ్చు. కింద ‘ఫైల్ ఫొటో’ అన్న మాటైనా లేదు. సాయంత్రానికల్లా లింకు ఊళ్లో వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది, ఒక పెళ్లి ఆర్డరు పోయింది.

ముందు లింకు, తేదీ, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నాను. ప్రెస్ కౌన్సిల్‌కు రాద్దామంటే, 1978 చట్టం కింద అది చూసేది పత్రికలు, వార్తా ఏజెన్సీల మీద ఫిర్యాదులనే. ఇదేమో ఉత్త వెబ్‌సైట్. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఇలాంటి సైట్లకు ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. అయితే అవే నిబంధనల్లో, వార్తా సైట్లు నైతిక నియమావళి పాటించి తీరాలన్న భాగంపై ఆ ఏడాది ఆగస్టులోనే బాంబే హైకోర్టు స్టే ఇచ్చిందని తెలిసిన లాయరుగారు చెప్పారు. అయినా సైటు అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న మెయిల్ ఐడీకి రాశాను.

జవాబు లేదు. ఫొటో మాత్రం మాయమై లడ్డూల బొమ్మ వచ్చింది. డెస్క్‌కి ఫోన్ చేస్తే, “మార్చేశాం కదా మేడమ్, ఇంకేంటి?” అన్నాడో కుర్రాడు. (వార్తలు ఎక్కించడానికే వాళ్లకు ఊపిరాడదు, అతన్నేమంటాం!)

పత్రికలో తప్పు పడితే మర్నాడు ఏ మూలో ‘సవరణ’ వేస్తారు. ఇక్కడ తప్పే జరగనట్టు తుడిచేశారు. దాంతో, మావాడే డబ్బిచ్చి తీయించాడని కొత్త పుకారు లేచింది!

ఈసారి నేరుగా ఎడిటర్‌కే రాశాను. తప్పు తేలిన వెంటనే తగిన ప్రాధాన్యంతో సవరణ వేయాలని ప్రెస్ కౌన్సిల్ నియమాల్లో ఉంది. మీరు దాని పరిధిలోకి రాకపోవచ్చు, చేసేది మాత్రం వార్తల పనే కదా అన్నాను. వేయాల్సిన వాక్యం కూడా నేనే రాసిచ్చాను: “మొదట వాడిన ఫొటోలోని దుకాణానికి ఈ తనిఖీలతో సంబంధం లేదు.”

ఆయనే ఫోన్ చేసి మాట్లాడారు. ‘చింతిస్తున్నాం’ అని చేర్చి, వార్త పైనే వేయించారు. ఫేస్‌బుక్ పేజీలో వేయడానికి మాత్రం ససేమిరా అన్నారు, రీచ్ పడిపోతుందట. సవరణ ఉన్న లింకును గ్రూపుల్లో మేమే తిప్పాం. మొదటిదాన్ని ఫార్వర్డ్ చేసినవాళ్లలో దీన్ని పంపినవాళ్లు తక్కువే.