ఆరుసార్లు తల్లకిందులు, ఒక కుంకుమ పొట్లం

మొన్న భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం వెళ్ళొచ్చా. పెద్ద ప్లానేం లేదు, రెండ్రోజులు సెలవు దొరికితే రాత్రి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేసి పొద్దున్నే నర్సాపురంలో అక్కావాళ్ళింట్లో దిగా, ఇంకా బ్యాగు కింద పెట్టలేదు, "గబగబా స్నానం చేసిరా, రథం లాగేలోపు వెళ్ళాలి, రేవు దగ్గర జనం ఎలా ఉంటారో నీకు తెలీదా" అని అక్క కంగారు మొదలెట్టేసింది. బావ షాపు వదిలి రానన్నాడు. అక్కా నేనూ మేనల్లుడూ ముగ్గురం ఆటోలో మాధవాయిపాలెం రేవుకి వెళ్ళాం.

ఏరు దాటించే పంటు ఎక్కి ఎన్నాళ్ళైందో. చించినాడ బ్రిడ్జి మీంచి కార్లో వచ్చేయడం అలవాటైపోయి ఈ మధ్య రేవు మొహమే చూళ్ళేదు. అదే డీజిలు వాసన, అవే బైకులు ఒకదానికొకటి ఆనించి పెట్టడం, మధ్యలో ఒకాయన అరటి గెలలు, పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్ళు, "జరగండి బాబూ, ఇంకో బండి పడుద్ది, ఆయ్, అలా లోపలికి" అని పంటు కుర్రాడు. వశిష్ఠ గోదారి మాఘమాసంలో ఎంత నిమ్మళంగా ఉంటుందంటే పంటు కదిలిందో లేదో అవతలి గట్టు కొబ్బరిచెట్లు చూసుకుంటే గానీ తెలీదు.

సరిగ్గా ఏటి మధ్యకొచ్చాక మొదలెట్టాడు మావాడు. తొమ్మిదో తరగతి, వాడికి ప్రతీదీ కావాలి.

"మావయ్యా, నువ్వు హైదరాబాదులో తల్లకిందులుగా వెళ్ళే రైలు ఎక్కావంట కదా. కళ్ళు మూసేసుకున్నావంట, అమ్మ చెప్పింది."

"మీ అమ్మ అక్కడుందేంట్రా చూడ్డానికి?"

అక్క గోదారి వైపు తిరిగి నవ్వుకుంటోంది. ఇంక చెప్పక తప్పలేదు, పంటు మీద సగం, అవతల సఖినేటిపల్లిలో బస్సు కోసం నించున్నప్పుడు సగం చెప్పా. వాడికి చెప్పినవీ చెప్పనివీ కలిపి ఇక్కడ రాస్తున్నా.

ముందొకటి చెప్పాలి. మాది ఏటిగట్టు పక్క ఊరు. మా వైపు పుట్టి పెరిగినవాడికి ఎత్తు అంటే ఏంటో తెలీదండీ, నిజంగా. కొండ లేదు, గుట్ట లేదు, రోడ్డు చాప పరిచినట్టు ఉంటుంది, మాకు ఎత్తంటే ఏటిగట్టే, డౌనంటే ఆ గట్టు మీంచి తోటలోకి దిగే బాట. అద్దె సైకిలు మీద బ్రేకుల్లేకుండా ఆ డౌను దిగడమే మా చిన్నప్పటి సాహసం, చివర్లో కొబ్బరిచెట్టుని తప్పించుకుంటే గెలిచినట్టు. నేను ఒకసారి గెలవలేదు, మోకాలి మీద మచ్చ ఇంకా ఉంది. తీర్థంలో రాట్నం అంటే అప్పట్లో నాలుగు చెక్కపెట్టెలది, ఒక మనిషి చేత్తో పట్టుకుని తోసేవాడు, పైకెళ్తే మా పెంకుటిల్లంత ఎత్తు. అంతే.

అలాంటివాణ్ణి 2017లో, హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన కొత్తలో, సంక్రాంతికి ఇంటికొచ్చి తిరిగెళ్ళిన వారానికి రూమ్మేట్లు వండర్లా అనే ఎమ్యూజ్‌మెంట్ పార్కుకి లాక్కెళ్ళారు. ఔటర్ రింగు రోడ్డు పక్కన రావిర్యాల దగ్గర, 2016లో తెరిచారు, అప్పటికి ఇంకా కొత్త. నేను నీళ్ళ ఆటలే అనుకుని తువ్వాలు పట్టుకెళ్ళా. లోపలికెళ్ళాక ఒక మలుపు తిరగ్గానే పైన ఇనప పట్టాలు మెలికలు తిరిగి కనిపించాయి, పడగ విప్పిన తాచుపాములా ఒకటి, దాని పక్కన గుండ్రంగా నిలువు చుట్టు ఇంకొకటి. అదంతా కలిపి ఒకే ఆట, రికాయిల్ అంటారు. చూస్తుండగానే ఆ చుట్టులోంచి ఒక రైలు వెళ్ళింది, వెళ్ళింది సరే, కాసేపటికి అదే రైలు అదే దారిలో వెనక్కొచ్చింది. జనం కేకలు. నాకు వెంటనే ఆకలేసింది, అదేంటో నాకు భయమేస్తే ఆకలేస్తుంది.

ఈ మోడల్‌ని బూమరాంగ్ అంటారని, వెకోమా అనే డచ్ కంపెనీ చేస్తుందని తర్వాత తెలుసుకున్నా. మామూలు రోలర్ కోస్టర్ ఒక చుట్టు తిరిగి స్టేషన్‌కి వచ్చేస్తుంది కదా, ఇది అలా కాదు, దీని పట్టా రెండు చివర్లా గాల్లో ఆగిపోతుంది. ముందు రైలుని వెనక్కి లాగి ఒక చివర పైకి ఎక్కిస్తారు. వదిలేస్తారు. అది స్టేషన్‌లోంచి దూసుకెళ్ళి పాముపడగలో రెండుసార్లు, చుట్టులో ఒకసారి తలకిందులై రెండో చివర పైకి పాకుతుంది, అక్కడ గొలుసు పట్టుకుని ఇంకాస్త పైకి లాగి మళ్ళీ వదిలేస్తుంది, అంతే, వచ్చిందంతా వెనక్కి. మూడూ మూడూ ఆరు. దాన్ని నడిపే ఇంజనంటూ రైల్లో ఏమీ ఉండదు, ఎక్కించి వదిలేయడమే, మా గట్టు మీద సైకిలు లాంటిదే అన్నమాట.

క్యూలో నించున్నప్పుడు అందరికీ చెప్తూనే ఉన్నారు, జేబులు ఖాళీ చెయ్యండి, ఫోన్లు, కళ్ళజోళ్ళు, చిల్లర అన్నీ తీసేయండి అని. తీసేశా. అన్నీ తీసేశాననే అనుకున్నా. వారం క్రితం ఊర్నించి బయల్దేరుతుంటే అమ్మ అంతర్వేది స్వామి కుంకుమ చిన్న కాయితం పొట్లం కట్టి చొక్కా జేబులో పెట్టింది, ఆ చొక్కా ఉతకలేదు, అదే వేసుకెళ్ళా, ఆ సంగతి నాకు గుర్తే లేదు. తప్పు ముమ్మాటికీ నాదే.

చిట్టచివరి వరస దొరికింది. మావాళ్ళు ముందు వరస కోసం కొట్టుకుంటుంటే నేను వెనకైతే నయమనుకుని వెళ్ళి కూర్చున్నా. ఎంత తెలివితక్కువ పనంటే, రైలుని వెనక్కి కదా లాగేది! చివరి వరసే అందరికంటే పైకి వెళ్తుంది. భుజాల మీంచి ఇంత లావు పట్టీ దించి బిగించారు, పక్కనున్నవాడు మా రూమ్మేటు, తెనాలివాడు, "ఏం కాదురా" అంటున్నాడు గానీ వాడి చెయ్యి నా మోచెయ్యి దగ్గర ఉంది, వదల్లేదు.

మెల్లగా లాగడం మొదలైంది. ఇక్కడ నేను నిజం చెప్పాలి, అందరూ తల్లకిందులు తల్లకిందులు అంటారు గానీ అసలు భయం అది కానే కాదు. ఈ లాగడమే భయం. మొహం కిందకి, వీపు పైకి, ఒళ్ళంతా ఆ పట్టీ మీద వాలిపోయి, కింద నేల అలా అలా చిన్నదైపోతుంటే, ముందు వరసల్లో అందరి నడినెత్తులూ నాకు కనిపిస్తున్నాయి. ఈ మోడల్ ఎత్తు సుమారు 35 మీటర్లు. రెండు ముదురు కొబ్బరిచెట్లు ఒకదానిమీద ఒకటి నిలబెట్టి, పైచెట్టు మొవ్వులో నన్ను బోర్లా వేలాడదీసినట్టు. మా ఊళ్ళో దింపు తీసేవాళ్ళు గుర్తొచ్చారు, కాళ్ళకి బంధం వేసుకుని నడుముకో కత్తితో ఎక్కిపోతారు, పైనుంచి కింద వాళ్ళతో కబుర్లు కూడా చెప్తారు, వాళ్ళకి మనం ఇచ్చే కూలి ఎంత తక్కువో నాకు అప్పుడు అర్థమైంది. ఆగింది. ఏ చప్పుడూ లేదు. పక్కవాడు "ఒరే" అన్నాడు, ఆ మాట పూర్తవలేదు.

వదిలేశాడు.

పై ప్రాణాలు పైనే ఉండిపోయాయి, నేనొక్కణ్ణే కిందకొచ్చా. స్టేషన్ కనిపించి మాయమైంది, పాముపడగలో ఏం జరిగిందో దేవుడికే తెలియాలి, ఆకాశం కాళ్ళ దగ్గరకొచ్చింది, మళ్ళీ నేల నెత్తి మీదకొచ్చింది. కళ్ళు మూసుకున్నానా అంటే, మూసుకున్నా, అక్క చెప్పింది నిజమే. కానీ చుట్టులోకి వచ్చేసరికి తెరిచా. అప్పుడో వింత. తల్లకిందులుగా ఉన్నాననే తెలీడం లేదు! జారిపోతానేమో అనుకున్నా, జారడం కాదు కదా సీటుకేసి అదిమిపెట్టినట్టుంది.

ఇది చెప్పగానే మావాడు ఆపాడు. "పడిపోవాలి కదా మావయ్యా, ఎందుకు పడరు?"

"పాల కేను తిప్పలేదేంట్రా ఎప్పుడూ?"

వాళ్ళకి ప్యాకెట్ పాలు. మేం సాయంత్రం సొసైటీకి పాలు పోయడానికి వెళ్ళేటప్పుడు కేనుని చెయ్యి చాపి గిర్రున నిలువుగా తిప్పేవాళ్ళం, మూత లేకపోయినా చుక్క పడేది కాదు. పాలు తిన్నగా పోదామనుకుంటాయి, కేను అడుగు వాటిని లోపలికి తోసి వంపు తిప్పుతూ ఉంటుంది, వేగం ఉన్నంతసేపూ పాలు అడుక్కే అతుక్కుని ఉంటాయి. నేనొకసారి సరిగ్గా చెయ్యి పైకెళ్ళాక భయపడి ఆపేశా. రెండు లీటర్లు నెత్తిమీదే. అమ్మ ఆ రోజు నాకు అభిషేకమే చేసింది, పాలతో కాదు, చీపురుతో. రైలు కూడా అంతే, చుట్టు పైకి వెళ్ళేటప్పటికి దానికి కావాల్సిన వేగం ఉండేలా ముందే అంత ఎత్తునించి వదులుతారు, గంటకి 75 కిలోమీటర్ల దాకా అందుకుంటుంది.

ఆ రాత్రి రూములో నిద్రపట్టక ఫోన్లో చదువుకున్నా. ఆ చుట్టు నిజానికి పూర్తి గుండ్రంగా ఉండదట, తిరగేసిన నీటిబొట్టులా ఉంటుందట, పైన వంపు బిగుతుగా, కింద వంపు విశాలంగా. 1895లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ అని ఒకటి కట్టారు, అది పూర్తి గుండ్రం, అందులోకి వెళ్ళేటప్పుడు ఒక్కసారిగా పడే బరువుకి జనం మెడలు పట్టేసేవి. తర్వాత చాలా ఏళ్ళు ఆ జోలికి ఎవరూ పెద్దగా పోలేదు. 1976లో కాలిఫోర్నియాలో వెర్నర్ స్టెంగెల్ అనే జర్మన్ ఇంజనీరు లెక్కకట్టి ఈ బొట్టు ఆకారం పెట్టాక మళ్ళీ నిలువు చుట్లు మొదలయ్యాయి. మెడ పట్టకుండా బయటపడ్డానంటే ఆయన చలవే.

సరే రైల్లోకి వద్దాం. రెండో చివర పైకి ఎక్కుతుంటే ఈసారి మొహం ఆకాశం వైపు. గొలుసు పట్టుకుని టకటకా లాగుతోంది, మేఘాలు తప్ప ఏమీ కనపడవు, కాస్త హాయిగా కూడా ఉంది, అయిపోయిందేమో అని కూడా అనిపించింది. అప్పుడు వెనక్కి వదిలాడు. ఏ మలుపు ఎప్పుడొస్తుందో తెలీదు, అన్నీ వీపు వెనకే. ఇక్కడే జరిగింది కుంకుమ కథ. పట్టీ నొక్కుడుకి జేబులో పొట్లం ఎప్పుడో చితికింది, ముందుకెళ్ళేటప్పుడు గాలి నా మీదకే కొట్టింది కాబట్టి నా చొక్కా, మెడ, మొహం వరకే ఎర్రబడ్డాయి, వెనక ఎవరూ లేరు, బతికిపోయారు. వెనక్కొచ్చేటప్పుడు గాలి వీపు వైపునించి కదా, మిగిలిన కుంకుమంతా నా ముందు వరసలోకి ఎగిరింది. ముందు వరసలో ఒక పెద్దాయన. తెల్ల చొక్కా.

రైలు ఆగింది. నాకు ఏమీ తెలీదు, ఊపిరి పీల్చుకుంటున్నా. అక్కడ పనిచేసే కుర్రాడు నన్ను చూసి, ఆయన్ని చూసి, మొహం పాలిపోయి పరిగెత్తుకొచ్చేశాడు. "సార్ ఎక్కడ తగిలింది సార్, తల ఎత్తకండి సార్!" నేను చెయ్యి మొహం మీద పెట్టి చూసుకున్నా, చెయ్యంతా ఎరుపు, ఒక్క క్షణం నాకే కళ్ళు తిరిగాయి. తర్వాత వాసన తెలిసింది. "రక్తం కాదండీ, కుంకుమండీ, అంతర్వేది స్వామిదండీ" అన్నా, గొంతు పూర్తిగా రాలేదు. క్యూలో నించున్నవాళ్ళు ఫోన్లు లాకర్లలో పెట్టేశారు కాబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఈపాటికి నన్నందరూ చూసుండేవాళ్ళు. ఆ పెద్దాయన తిడతాడేమో అనుకున్నా, భుజం మీంచి వేలితో కాస్త తీసుకుని నుదుట పెట్టుకుని "మంచిదేలే నాయనా" అనేసి దిగెళ్ళిపోయాడు. మా తెనాలివాడు మాత్రం ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కనపడితే అందరికీ ఇదే చెప్తాడు.

ఇదంతా అయ్యేసరికి బస్సు అంతర్వేది చేరింది. జనం, జనం. దర్శనానికి చాలాసేపు పట్టింది, రథం లాగుతుంటే దూరంనించే దణ్ణం పెట్టుకున్నాం, తాడు దాకా వెళ్ళే ఓపిక లేదు. సముద్రం ఒడ్డుకి, అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా నడుద్దామంటే అక్క కాళ్ళు నొప్పులంది. ఇంక తీర్థం వీధిలో పడ్డాం, జీళ్ళు, ఖర్జూరం, గాజులు, ప్లాస్టిక్ బాకాలు. చివర్లో జెయింట్ వీల్. జెనరేటర్ పెట్టి రంగు లైట్లు వేసి తిప్పుతున్నారు.

"మావయ్యా ఎక్కుదాం."

"నువ్వెళ్ళు."

"ఆరుసార్లు తల్లకిందులైనవాడివి, ఇదెంత?"

టికెట్టు తీసుకుని ఎక్కబోతుంటే వాడు ఆగి, నా చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. పొద్దున్న గుడి దగ్గర అక్క పెట్టిన పొట్లం. తీసి వాళ్ళమ్మ చేతికిచ్చి అప్పుడు కూర్చున్నాడు.

పైకెళ్ళాక కింద ఎవరినో ఎక్కించుకోవడానికి ఆపారు. భుజాల మీద పట్టీలు లేవు, ఒళ్ళో అడ్డంగా ఒక ఇనప కమ్మీ, దానికో చిన్న కొక్కెం. అటు లైటుహౌసు, దాని వెనక సముద్రం, ఇటు గోదారి, రెండూ కలిసేచోట నీళ్ళు రంగు మారి ఒక గీతలా ఉన్నాయి. ఎంత బావుందో. మావాడు కాళ్ళతో పెట్టెని ఊపడం మొదలెట్టాడు.

"ఒరే, ఊపకురా."

"కళ్ళు మూసుకో మావయ్యా."

కింద అక్క జీళ్ళ పొట్లం పైకెత్తి ఊపుతోంది, చూశా. తర్వాత మూసుకున్నా.