తూర్పు లండన్‌లో ఇంటింటి పురుళ్లు

మన దేశంలోని ఒక నర్సింగ్ స్కూలులో జనరల్ నర్సింగ్ పూర్తిచేసి, 1960ల తొలి ఏళ్లలో మిడ్‌వైఫరీ (పురుళ్లు పోసే విద్య) శిక్షణ కోసం ఇంగ్లండ్ వెళ్లినవారిలో నేనూ ఒకతెను. అక్కడ ఆ శిక్షణ రెండు భాగాలుగా ఉండేది. మొదటి భాగం ఆసుపత్రి వార్డుల్లో గడిచిపోయింది. రెండో భాగంలో తూర్పు లండన్‌లో అనుభవజ్ఞురాలైన ఒక మిడ్‌వైఫ్ వెంట ఇళ్లకు వెళ్లి పురుళ్లు పోశాను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి పదిహేనేళ్లు దాటినా ఆ రేవు పేటల్లో బాంబులకు కూలిన ఇళ్ల జాగాలు ఇంకా అక్కడక్కడ ఖాళీగానే ఉండేవి. ఒకటి రెండు గదుల్లో పెద్ద సంసారాలు సర్దుకునేవి. దేశం మొత్తం మీద మూడో వంతు కాన్పులు అప్పటికీ ఇళ్లలోనే జరిగేవి.

నెలలు నిండకముందే మేము ఇల్లు చూసి రావాలి. నీళ్లు కాచడానికి వీలుందా, మంచం గోడకు ఆనుకోకుండా ఉందా, నాణెం వేస్తేనే గ్యాస్ వచ్చే మీటరులో వేయడానికి షిల్లింగు నాణేలు దాచి ఉంచారా అని మా పెద్ద మిడ్‌వైఫ్ ఒక్కొక్కటీ అడిగేది. 1962–63 చలికాలంలో మంచు గడ్డకట్టి లండన్ అంతా బిగుసుకుపోయినప్పుడు ఆ షిల్లింగుల ప్రశ్న ఎంత ముఖ్యమో నాకు బోధపడింది. నొప్పులు మొదలయ్యాక పరుపు మీద గోధుమరంగు కాగితం, పాత వార్తాపత్రికలు పరిచేవాళ్లం. బిడ్డ పుట్టి, మాయ పడ్డాక, దాన్ని బేసిన్‌లో వేసి దీపం కిందికి తెచ్చి, ఒక్క ముక్కయినా లోపల మిగిలిపోలేదని తేలేదాకా ఆమె ఆ గది వదిలేది కాదు. ఆ తరువాతనే ఇంటివాళ్లు ఇచ్చిన టీ ముట్టేది.

ఆమె ధైర్యాన్ని చాలామంది పొగిడేవారు. ఆ ధైర్యం వెనుక ఒక పటిష్ఠమైన ఏర్పాటు ఉందని మాత్రం నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. స్థానిక సంస్థలు మిడ్‌వైఫ్‌లకు నెలజీతం ఏర్పాటు చేయాలని 1936 నాటి చట్టం నిర్దేశించింది. 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలయ్యాక, డాక్టరును పిలిస్తే ఫీజు ఎక్కడి నుంచి తేవాలన్న బెంగ పేదింటి తల్లికి తప్పింది. రక్తస్రావం ఆగకపోతే మా సంచిలో ఎర్గోమెట్రిన్ ఇంజెక్షను ఉండేది. అదీ చాలకపోతే ఫోను చేయగానే ఆసుపత్రి నుంచి డాక్టరు, రక్తం సీసాలతో సహా, ఫ్లయింగ్ స్క్వాడ్ అనే అత్యవసర బృందం ఇంటికే వచ్చేది. మన దేశంలో వెయ్యి కాన్పులకు ఇరవై మంది తల్లులు చనిపోతున్నారని 1946లో, దేశ ఆరోగ్య పరిస్థితిని పరిశీలించిన భోర్ కమిటీ అంచనా వేసింది. నేను వెళ్లేనాటికి ఇంగ్లండ్‌లో ఆ సంఖ్య వెయ్యికి ఒకటి కంటే తక్కువకు దిగింది. మన పల్లెల్లో పురుళ్లు పోసిన మంత్రసానుల చేతుల్లో నేర్పు లేకపోలేదు. ఆ నేర్పుకు తోడు జీతం గానీ, మందు గానీ, కబురంపితే వచ్చే డాక్టరు గానీ వారికి లేవు. అందుకే తప్పంతా వారిపైకి నెట్టే మాట వినపడినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

కాన్పయ్యాక మిడ్‌వైఫ్ రోజూ వెళ్లి బాలింత జ్వరం, నాడి, బిడ్డ బొడ్డు, పాలు పట్టే తీరు చూసేది. కొన్నాళ్లకు ఆ రాకపోకలు ముగిశాక బిడ్డ సంగతి హెల్త్ విజిటర్ అనే ఆరోగ్య సందర్శకురాలు చూసుకునేది, ఆ ఇంట్లోనే మంచాన పడిన ముసలమ్మకు కట్లు మార్చడానికి ఇళ్లకు వెళ్లి సేవచేసే డిస్ట్రిక్ట్ నర్సు వచ్చేది. ముగ్గురూ ఒకరి కబురు ఒకరికి అందించుకునేవారు.

1970లో అక్కడి ప్రసూతి సేవలను పరిశీలించిన పీల్ కమిటీ కాన్పులన్నింటికీ ఆసుపత్రిలోనే చోటు కల్పించాలని సిఫారసు చేశాక ఇంటి పురుళ్లు వేగంగా తగ్గిపోయాయి. తొలిచూలుకూ చిక్కు కాన్పులకూ అది సరైన మార్గమేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ నెలలు నిండకముందు ఇల్లు చూసివెళ్లిన మనిషే నొప్పుల వేళా, ఆ తరువాతి ఉదయాల్లోనూ గుమ్మంలో కనిపించే ఏర్పాటును ఆసుపత్రులు ఆ తల్లులకు తిరిగి ఇవ్వలేకపోయాయి.