ఆటలో అరటిపండు

మాది మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. గోదావరి పాయ గౌతమి గట్టు కింద, కొబ్బరితోటల నడుమ రెండు గదులు, ఒక వరండా, ఒక వంటపాక, ఇసుక నేల ఉన్న చిన్న ఆటస్థలం, ఇంతే మా ఆస్తి. ఒకటి నుంచి ఐదు వరకు తరగతులన్నీ కలిపి 34 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులం. విద్యాహక్కు చట్టం 60 మంది వరకు ఇద్దరు చాలునంటుంది కాబట్టి లెక్కకు లోటేమీ లేదు. అక్షరాలు దిద్దుకునే పిల్ల పక్కన భాగహారాలు చేసే పిల్లవాడు కూర్చోవడాన్ని నేను చాలా ఏళ్లు మా బడికి ఉన్న లోపంగానే భావించాను. ఆ అభిప్రాయాన్ని మార్చింది మధ్యాహ్న భోజనం తర్వాత పిల్లలు ఆడుకునే ఏడు పెంకులాట.

నిరుడు జూన్‌లో నది మధ్య ఉన్న లంక నుంచి పడవ దాటి వచ్చే ఒక పాప ఒకటో తరగతిలో చేరింది. వారం రోజులు నోరు విప్పలేదు. వరండా స్తంభాన్ని ఒక చేత్తో చుట్టుకుని ఆట వైపు చూస్తూ నిలబడేది. నేను రెండుసార్లు చెయ్యి పట్టుకుని తీసుకువెళ్లి ఆటలో నిలబెట్టాను. రెండుసార్లూ తిరిగి వచ్చి ఆ స్తంభాన్నే పట్టుకుంది. ఎనిమిదో రోజున ఐదో తరగతి అమ్మాయి ఒకతె పెంకులు పేరుస్తూ తలెత్తి, "ఇలా రావే, నువ్వు అరటిపండువి" అన్నది. పాప వెంటనే స్తంభాన్ని వదిలింది.

ఆడే వయసు రాని పిల్లను ఇంటికి పొమ్మనకుండా, అలాగని జట్టుకు భారం కానివ్వకుండా ఆటలో కలుపుకోవడానికి మన పిల్లలు ఎప్పటినుంచో చేసుకున్న ఏర్పాటు ఇది. అరటిపండు పరుగెత్తవచ్చు, అరవవచ్చు. బంతి తగిలినా ఔట్ కాదు, పెంకు నిలబెట్టినా లెక్కలోకి రాదు. దొంగ ఎవరో తేల్చడానికి పంటలు వేసేటప్పుడు చెయ్యి పెట్టనిస్తారు గానీ దొంగను చేయరు. పెద్దవాళ్లం ఈ మాటను ఎందుకూ కొరగానివాడు అనే అర్థంలో ఎత్తిపొడుపుగా వాడీ వాడీ దాని అసలు విలువను మరచిపోయాం. ఆ రోజు బంతి విసురుతున్న నాలుగో తరగతి పిల్లవాడు తన ఈడువాళ్ల వీపులు చిట్లేలా కొడుతున్నాడు. పాప ఎదురుపడినప్పుడు మాత్రం చేతిని కిందికి దించి బంతిని నేల మీద దొర్లించి వదులుతున్నాడు. అలా చేయమని అతనికి ఎవరూ చెప్పలేదు. "టీచర్ గారండీ, ఆడు నా పెన్సిలు లాగేసుకుంటన్నాడండి" అని రోజూ నా దగ్గరకు వచ్చే ఫిర్యాదు ఆ పిల్లవాడి మీదే.

చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులం కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సామాజిక, భావోద్వేగ అభ్యసనం గురించి మాకు చెబుతుంటారు. 1994లో అమెరికాలో ఏర్పడిన కేసెల్ అనే సంస్థ దీన్ని ఐదు సామర్థ్యాలుగా విడదీసింది: తన మనసును తాను గుర్తించడం, దాన్ని అదుపులో పెట్టుకోవడం, ఎదుటివారి స్థితిని గ్రహించడం, స్నేహాన్ని నిలుపుకోవడం, బాధ్యతగా నిర్ణయం తీసుకోవడం. ఈ విభజనతో నాకు పేచీ లేదు. చేతిని కిందికి దించిన ఆ క్షణంలో వీటిలో కనీసం మూడు ఉన్నాయని ఇప్పుడు పేరు పెట్టి చెప్పగలుగుతున్నాను. అయితే నవ్వు, ఏడుపు, కోపం ముఖాల బొమ్మలు గోడకు అంటించి, ఈ రోజు నీ మనసు ఎలా ఉందో చూపించమంటే మా పిల్లలందరూ నవ్వు ముఖం మీదే వేలు పెడతారు. టీచరుకు ఏ జవాబు నచ్చుతుందో వాళ్లకు బాగా తెలుసు.

అరటిపండు కావడం అందరికీ, ఎల్లకాలం సుఖంగా ఉండదు. ఒక కాలు కాస్త ఈడ్చి నడిచే మూడో తరగతి పిల్లవాడు ఒకడున్నాడు. ఒకటో తరగతిలో అతన్ని అరటిపండును చేశారు, ఆ తర్వాత ఎవరూ ఆ సంగతి మళ్లీ ఆలోచించలేదు. ఒక మధ్యాహ్నం బంతి అతని మోకాలికి తగిలింది. ఆట సాగిపోతుండగా అతను పెంకుల పక్కనే కూలబడి, "నాకు తగిలింది. నేను ఔటు. నేను అరటిపండుని కాదు" అని ఏడవడం మొదలుపెట్టాడు. అందరూ ఆగిపోయారు. ఆ పిల్లవాడు అడుగుతున్నది గెలుపు కాదని, ఓడిపోయే హక్కు అని నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. పిల్లలకు అంతసేపు పట్టలేదు.

పావుగంటకు పైగా వాదించుకున్నారు. మరీ దగ్గరి నుంచి కొడితే అన్యాయమని ఒకరు, దూరం నుంచి కొడితే ఎవరికీ తగలదని ఒకరు, అతని బదులు ఇంకొకరు పరుగెత్తాలని మరొకరు అన్నారు. ఆ చివరి మాటకు అతనే ఒప్పుకోలేదు. చివరికి ఇసుకలో కాలితో గీత గీసి, అతన్ని కొట్టాలంటే గీత అవతలి నుంచే కొట్టాలని, తగిలితే మాత్రం ఔటేనని తేల్చుకున్నారు. మర్నాడు మూడో బంతికే అతను ఔటయ్యాడు. కొబ్బరిచెట్టు కింద ఔటైనవాళ్ల వరుసలో కూర్చుని, మిగిలినవాళ్లతో కలిసి బంతి విసిరేవాణ్ణి తిడుతూ కనిపించాడు. ఆ తిట్లు మామూలుగా అయితే నేను ఊరుకునేవి కావు.

ఆ వాదన జరుగుతున్నంతసేపూ నేను వరండా దిగకపోవడానికి కారణం ఓర్పు కాదు, అంతకుముందు తగిలిన దెబ్బ. నాలుగో తరగతి అమ్మాయిలు ఇద్దరు ఒకరికొకరు "నీ జట్టు కచ్చి" చెప్పుకున్నప్పుడు వాళ్లను తరగతి ముందు నిలబెట్టి, చేతులు కలిపించి, సారీ చెప్పించాను. ఇద్దరూ చెప్పారు. ఆ తర్వాత పదకొండు రోజులు మాట్లాడుకోలేదు సరికదా, తక్కిన ఆడపిల్లలు కూడా రెండు పక్షాలయ్యారు. పన్నెండో రోజు భోజనంలో ఇచ్చిన వేరుశనగ చిక్కీని ఒకతె బల్ల అంచుకు కొట్టి, పెద్ద ముక్కను రెండో అమ్మాయి కంచం పక్కన పెట్టి వెళ్లింది. అంతటితో కచ్చి తీరిపోయింది. 2024 నుంచి బడి భోజనానికి మా కోనసీమ తల్లి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా వండి వడ్డించిన ఆ ఇల్లాలి పేరు ఆ చిక్కీ ముక్కకు తగినదే అనుకుంటాను.

మా పిల్లల భయాలు కూడా ఆటలోకే వచ్చి తీరతాయి. జూలై 2022లో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసినప్పుడు, అంటే ఆనకట్ట వద్ద నీటిమట్టం 17.75 అడుగులు దాటినప్పుడు, లంకల్లోని కుటుంబాలు మా బడి గదుల్లోనే తలదాచుకున్నాయి. నీళ్లు తీశాక బడి తెరిస్తే పిల్లలు నెల రోజులు వరదాట ఆడారు. బల్లను తిరగేసి పడవ చేశారు, తాటాకులతో పాల ప్యాకెట్లు కట్టి పంచారు. తన మేకపిల్ల కొట్టుకుపోయిన ఒక పిల్లవాణ్ణి ప్రతిరోజూ పడవ నడిపేవాడిగా ఉండనిచ్చారు. ఆ పదవికి వంతులు లేవు. దాన్ని అల్లరిగా భావించి బల్ల మామూలుగా వేయించాలని నేను అనుకున్న మాట నిజం.

ఇవన్నీ జరగాలంటే బడిలో పెద్దపిల్లలు ఉండాలి. 2022లో వచ్చిన 117వ నంబరు జీవో కింద, ఉన్నత పాఠశాలకు దగ్గరలో ఉన్న బడుల నుంచి 3, 4, 5 తరగతులను అక్కడికి పంపారు. మా బడి దూరంగా ఉండడం వల్ల తప్పించుకుంది. పొరుగూరి బడిలో ఒకటి, రెండు తరగతులే మిగిలాయి. నేను ఒకసారి వెళ్లేసరికి పిల్లలు ఎవరి మానాన వారు ఇసుక తవ్వుకుంటున్నారు. పంటలు వేయడం నేర్పేవాళ్లే అక్కడ లేరు. ప్రతి తరగతికీ ఒక టీచరు ఉండాలన్న వాదనలో న్యాయం ఉందని నేను ఒప్పుకుంటాను. కానీ చిన్నపిల్లలు పెద్దపిల్లల దగ్గర నేర్చుకునేది ఏ కాగితం మీదా లెక్కలోకి రాలేదు. 2025లో ప్రభుత్వం ఆ జీవోను పక్కన పెట్టింది.

మా పాఠశాల యాజమాన్య కమిటీలో చట్టం చెప్పినట్టు నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే, సగం మంది స్త్రీలే. భోజనం తర్వాత అరగంట ఆటకు విడిచిపెట్టాలని నేను ప్రతిపాదించినప్పుడు ఒక తండ్రి, "ఆటలకేనాండీ బడికి పంపేది?" అని సూటిగానే అడిగారు. కాలు ఈడ్చే పిల్లవాడి తల్లి లేచి, తన కొడుకు ఔటయ్యాడని ఇంటికి వచ్చి సంతోషంగా చెప్పిన సంగతి వివరించింది. ఆటస్థలానికి సిమెంటు వేయకూడదని, ఆ అరగంటలో ఎవరికైనా దెబ్బ తగిలితే తప్ప ఉపాధ్యాయులు వరండా దిగకూడదని తీర్మానం రాసి అందరం సంతకాలు చేశాం. మొదటి రోజే నేను రెండుసార్లు దిగాను.