‘చూద్దాం’ అన్న మాట నమ్మి టికెట్లు కొన్నాను

నిన్న సాయంత్రం 6:40కి లీవు అప్రూవ్ అయిందని మెయిల్ వచ్చింది. మొదట అడిగింది 3 వారాలు, చివరికి దొరికింది 2 వారాలు. మెయిల్ చూసి కుర్చీలో అలా వెనక్కి వాలిపోయాను, నెలన్నరగా మెడ మీద పెట్టుకున్న బరువు దిగినట్టయింది. ఇది మర్చిపోకముందే రాసేయాలనిపించింది. ఎందుకంటే ఇంకో నెల పోతే ‘ఆ, ఏదో అయిపోయిందిలే’ అనేస్తాను, అలా అనేసే విషయం కాదిది.

అక్క వేరే దేశంలో ఉంటుంది. అమ్మానాన్నలను తన దగ్గరికి తీసుకెళ్ళాలని ఎన్నేళ్ళనుంచో అనుకుంటున్నాం. వాళ్ళిద్దరూ ఇంతవరకు విమానం ఎక్కలేదు కాబట్టి నేను తోడు వెళ్ళి, తోడు తిరిగి రావాలి. శనివారం బయలుదేరి మూడో వారం దాటాక ఆదివారం ఇంటికి చేరడం, మొత్తం 23 రోజులు. ఒక రాత్రి చూస్తుంటే ఛార్జీ బాగా తగ్గి కనిపించింది. తెల్లారితే ఉంటుందో ఉండదో. ముగ్గురికీ అక్కడికక్కడే కొనేశాను. అన్నిటికన్నా చవక రకం, అంటే రద్దు చేస్తే పన్నుల్లో కొంత తప్ప ఏమీ వెనక్కి రాని రకం. హోటళ్ళకు మాత్రం ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నవే పెట్టాను, ఆ తెలివి ఆ రాత్రి ఉన్నందుకు తర్వాత చాలా సంతోషించాను. పాస్‌పోర్టులు, వీసాలు చకచకా అయిపోయాయి, వాటి గురించి చెప్పడానికేమీ లేదు.

మరి లీవు అడగకుండా ఎలా కొన్నావు అంటారు. అడిగాననే నేను అనుకున్నాను. టికెట్లు కొనడానికి వారం ముందు లిఫ్ట్ దగ్గర మా మేనేజర్ కనిపిస్తే ‘సార్, ఆ నెలలో ఒక పెద్ద లీవు పెడతాను, అమ్మానాన్నలతో ప్రయాణం’ అన్నాను. ఆయన ఫోన్ చూసుకుంటూనే ‘చూద్దాం’ అన్నారు. నేను దాన్ని సరే అని తీసుకున్నాను. మన ఇళ్ళలో చూద్దాం అంటే నూటికి తొంభైసార్లు సరే అనే కదా, కాదనాలంటే ఇంకేదో సాకు చెప్తారు. ఆఫీసులో చూద్దాం అంటే నాకింకా ఏమీ తెలీదు, నన్ను వదిలెయ్ అని అర్థం. ఈ తేడా తెలుసుకోవడానికే నెలన్నర పట్టింది.

టికెట్లు వచ్చాక ఆఫీసు పోర్టల్‌లో లీవు పెట్టాను. 15 పని దినాలు, నా ఖాతాలో 17 ఉన్నాయి, ఇంకా రెండు మిగులుతాయని లెక్క. సబ్మిట్ నొక్కబోతే 19 అని చూపించింది. తప్పుగా నొక్కానేమోనని మళ్ళీ చేశాను, మళ్ళీ 19. అప్పుడు తెలిసింది, మా దగ్గర లీవు మధ్యలో ఇరుక్కున్న శని, ఆదివారాలు కూడా లీవు కిందే లెక్కేస్తారని. దాన్నే శాండ్‌విచ్ రూల్ అంటారు. రెండు వారాంతాలు కలిసి 4 రోజులు పెరిగాయి. 17 ఉంటే 19 కావాలి, కాబట్టి 2 రోజులు జీతం కోత. జీతం కోత ఉంటే మేనేజర్ ఒక్కరు సరిపోరు, ఆయన పైవాళ్ళు కూడా అప్రూవ్ చేయాలి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. చేరిన రోజు ఇచ్చిన పాలసీ ఫైల్లో 31వ పేజీలో ఉందట. మీరు పెద్ద లీవు పెట్టేముందు చేయాల్సిన మొదటి పని ఇదే: పోర్టల్‌లో తేదీలు పెట్టి, సబ్మిట్ చేయకుండా, అది ఎన్ని రోజులు చూపిస్తుందో చూడండి. క్యాలెండర్ ముందేసుకుని వేళ్ళ మీద వేసిన లెక్కను నమ్మకండి.

తర్వాత 9 రోజులు పెండింగ్. రోజూ పొద్దున్నే లాగిన్ అయి చూడటం, పసుపు రంగులో అదే మాట. గుర్తు చేస్తే చిరాకు పడతారేమోనని ఊరుకున్నాను. అది కూడా తప్పే, మూడో రోజే వెళ్ళి ఎదురుగా కూర్చుని మాట్లాడి ఉంటే ఆ సోమవారం జరిగింది జరిగేది కాదు.

సోమవారం టీం మీటింగ్. మొత్తం 11 మందిమి. మామూలుగా ఎవరి పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పుకుని 20 నిమిషాల్లో లేచిపోతాం. ఆ రోజు మేనేజర్ ఏమీ చెప్పకుండా తెర మీద టీం లీవు క్యాలెండర్ పెట్టారు. నా పేరు పక్కన మూడు వారాల పసుపు పట్టీ. కింది వరుసలో మా సీనియర్ ఒకామెకు ఆకుపచ్చ పట్టీ, ఒక్క వారం, సరిగ్గా నా మూడో వారం మీదే. ఆయన మౌస్ బాణాన్ని నా పసుపు పట్టీ మీద ఆ చివరి నుంచి ఈ చివరికి మెల్లగా లాగారు.

‘టికెట్లు బుక్ అయ్యాయా?’

‘అయ్యాయి సార్.’

‘ఎప్పుడు?’

చెప్పాను.

‘అంటే మీరు నన్ను అడగట్లేదు. చెప్తున్నారు.’

నాలుగేళ్ళుగా నన్ను నువ్వు అని పిలిచే మనిషి ఆయన. ఆ రోజు మీరు అన్నారు. ఆ ఒక్క మాటకే నా చెవులు వేడెక్కిపోయాయి. మీకు ముందే చెప్పాను కదా సార్, లిఫ్ట్ దగ్గర, అని అనబోయి ఆగిపోయాను. పదిమందిలో ‘మీరు చూద్దాం అన్నారు’ అంటే అదేదో చిన్నపిల్లల ఫిర్యాదులా ఉంటుంది. నేను నోరు మూసుకున్నానని ఆయన ఇంకొంచెం ముందుకెళ్ళారు. ఆ వారంలో ఇద్దరు లేకపోతే రాత్రి కాల్స్ చూసేవాళ్ళు ఉండరని, ఆ విషయం అందరికీ తెలుసని అన్నారు. తర్వాత అందరి వైపూ తిరిగి, ‘ఈ టికెట్ల కోసం ఎవరైనా తమ లీవు వదులుకుంటారా?’ అని అడిగారు.

గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. మా సీనియర్ నోట్‌బుక్‌లో తేదీ రాసి, దాని కింద గీత గీసి, ఆ గీత మీదే మళ్ళీ మళ్ళీ గీస్తోంది. నాకు ఇప్పటికీ ఆ గీతే కళ్ళ ముందు ఉంది. ఆమె ఆ వారం కోసం మూడు నెలల ముందే మెయిల్ పెట్టి రాతపూర్వకంగా ఒప్పించుకుంది, పిల్లల సెలవులు అప్పుడే. ఆమె చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని, అయినా ఆ గదిలో ఆమె తల దించుకోవాల్సి వచ్చింది. నా వల్ల. లీవు రాదేమోనన్న భయం కన్నా నన్ను ఎక్కువ కాల్చింది అదే.

ఆయన మీద నా కోపం పోలేదు, పోతుందని కూడా అనుకోవడం లేదు. లీవు కాదనే హక్కు ఆయనకుంది. తన క్యాబిన్‌లో పిలిచి రెండు నిమిషాల్లో కాదని చెప్పొచ్చు. పదిమంది ముందు నిలబెట్టి, తోటి మనిషి సెలవు మీద నన్ను అడుక్కునేలా చేసే హక్కు ఏ పాలసీలోనూ లేదు. పెద్ద స్థానంలో ఉన్నవాళ్ళు పని చెడినప్పుడు ఎంతైనా అరవనీ, భరించొచ్చు, మనిషి పరువు తీస్తే మాత్రం ఆ మనిషి మళ్ళీ మనసుపెట్టి పని చేయదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ మంచం మీద సూట్‌కేసు తెరిచి పెట్టుకుని కూర్చుంది. ప్రయాణం ఇంకా నెల ఉంది. హ్యాండిల్‌కి ఎర్ర రిబ్బన్ కడుతోంది, అక్కడ అన్ని పెట్టెల్లో మనది గుర్తుపట్టాలని అక్క ఫోన్‌లో చెప్పిందట. నేను ఏమీ చెప్పకుండా గదిలోకి వెళ్ళి తలుపేసుకుని టికెట్ నిబంధనలు మొదటిసారి పూర్తిగా చదివాను.

రద్దు చేస్తే దాదాపు అంతా పోతుంది. తేదీ మార్చుకోవచ్చు, కానీ మార్పు రుసుము, దాని మీద ఆ రోజు ఛార్జీకి నా ఛార్జీకి మధ్య తేడా కట్టాలి. ఇన్సూరెన్స్ వైపు చూశాను. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ జబ్బు, ప్రమాదం, దగ్గరివాళ్ళ మరణం లాంటి వాటికి ఇస్తుంది, ఆఫీసులో లీవు ఇవ్వలేదంటే పైసా ఇవ్వదు. ఏ కారణానికైనా రద్దు చేసుకునే రకం కొన్నిచోట్ల దొరుకుతుంది గానీ, దాన్ని మొదటి డబ్బు కట్టిన కొద్ది రోజుల్లోనే తీసుకోవాలి, తీసుకున్నా ఖర్చులో సగం నుంచి ముప్పావు వంతు వరకే వస్తుంది. నాకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.

ఆ రాత్రే ఇంకొకటి కూడా వెతికాను, అసలు సెలవు నా హక్కా, వాళ్ళ దయా అని. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1970లో చేసిన 132వ ఒప్పందం ఒకటి ఉంది, ఆమోదించిన దేశాలకే వర్తిస్తుంది. ఏడాది పనికి కనీసం 3 పని వారాల జీతంతో కూడిన సెలవు ఉండాలంటుంది. ముక్కలు చేసినా, వేరే ఒప్పందం లేకపోతే, ఒక ముక్క కనీసం 2 వారాలు తెగకుండా ఉండాలంటుంది. అది చదివి ధైర్యం వచ్చింది. కింద ఇంకో మాట ఉంది: సెలవు ఎప్పుడన్నది ముందే వేరే విధంగా తేలి ఉండకపోతే యజమానే నిర్ణయిస్తాడు, కాకపోతే ఉద్యోగితో సంప్రదించాలి, పని అవసరాలూ చూడాలి, మనిషికి విశ్రాంతి దొరికే వీలూ చూడాలి. రెండుసార్లు చదివాను. సెలవు నాది. తేదీ నా ఒక్కదానిదే కాదు. నేను టికెట్లు కొని తేదీ ఒక్కదాన్నే తేల్చేశాను. ఆయన మీటింగులో ఎలా అన్నా, అన్న మాటలో అంత నిజం ఉంది.

మర్నాడు హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్ళాను. దాని గురించి ఒక్క వాక్యం చాలు: పాలసీ ఫైల్ మళ్ళీ మెయిల్ చేసి, అది మీ మేనేజర్ విచక్షణ అని చెప్పి పంపించారు. లీవు గొడవల్లో హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్ళి టైం పాడుచేసుకోకండి, నాకైతే ఏ ఉపయోగమూ కనిపించలేదు.

పని జరిగింది మా సీనియర్ దగ్గర. లంచ్ టైంలో ఆమె పక్కన కూర్చుని ‘మేడమ్, మీ వారం మీదే, నేను అడగను, నిన్న మీకు అలా అయినందుకు సారీ’ అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘నువ్వు మొదట్లోనే నన్నొక మాట అడిగుంటే తేదీలు చెప్పేదాన్ని కదా’ అంది. అని, తనే నా ఫోన్ తీసుకుని క్యాలెండర్ తెరిచింది. మూడో వారం ఒక్కటి తీసేస్తే చాలు, ఎవరికీ అడ్డు రాదు. 15 పని దినాలు 10 అవుతాయి, మధ్యలో ఒకే వారాంతం, కలిపి 12. నా ఖాతాలో 17 ఉన్నాయి కాబట్టి జీతం కోత లేదు, పైవాళ్ళ అప్రూవలూ అక్కర్లేదు. ఇంత చిన్న లెక్క 9 రోజులు పోర్టల్ చూస్తూ కూర్చున్న నాకు తట్టలేదు.

పాత అప్లికేషన్ వెనక్కి తీసుకుని కొత్తది పెట్టాను. దానితోపాటు నేను లేని రోజుల్లో ఏ పని ఎవరు చూస్తారో, ఏ ఫైలు ఎక్కడుందో, రాత్రి కాల్ వస్తే ముందు ఏం చూడాలో 6 పేజీలు రాసి జతచేశాను. ఆ 6 పేజీలు చాలా బాగా వచ్చాయి. మా టీంలో అంత శుభ్రంగా ఎవరూ అప్పగింత రాయలేదు, ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకు కూడా అదే ఇస్తున్నారు. మేనేజర్ ఏమీ అనలేదు. నాలుగో రోజు, అంటే నిన్న, అప్రూవ్డ్.

మెయిల్ చూశాకే టికెట్ మార్చడానికి కూర్చున్నాను, ఈసారి ఆ క్రమం తప్పలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త. ముగ్గురం ఒకే బుకింగ్‌లో ఉన్నాం. నేను తేదీ మార్చబోతే ముగ్గురి తేదీలూ మారేలా చూపించింది. ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి ముందు పీఎన్‌ఆర్, అంటే బుకింగ్ నంబరు, విడదీయించుకోవాలి, నాది వేరు, వాళ్ళిద్దరిది వేరు. విడదీశాక సీట్లు, ప్రత్యేకంగా పెట్టుకున్న రిక్వెస్టులు అన్నీ అలాగే ఉన్నాయో లేదో ఒక్కొక్కటి చూసుకోండి, మా అమ్మకు పెట్టిన వీల్‌చైర్ సాయం పోయింది, మళ్ళీ పెట్టించాను. నడవడం కష్టమైనవాళ్ళకు దానికి డబ్బు తీసుకోరు, కనీసం 48 గంటల ముందు చెప్తే మంచిది. అలాంటి పెద్దవాళ్ళను గేటు దాకా, పెట్టెల దాకా ఒక మనిషి తీసుకెళ్తారు. మార్పు రుసుము, ఛార్జీ తేడా కలిపి కట్టింది తలుచుకుంటే, ఆ రాత్రి తక్కువకు దొరికిందనుకున్నది మొత్తం అందులోనే పోయింది.

ఇంట్లో చెప్పాను, నేను వారం ముందే వచ్చేస్తాను, మీరిద్దరూ ఆ వారం అక్క దగ్గరే ఉండి తర్వాత వస్తారని. అమ్మ చేతిలో రిబ్బన్ అలాగే ఆగిపోయింది. నాన్న మాత్రం కళ్ళజోడు పెట్టుకుని కాగితం అడిగారు. విమానం దిగాక ఏం చేయాలో వరసగా చెప్పమన్నారు. నేను చెప్తుంటే పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకున్నారు: దిగగానే వీల్‌చైర్ మనిషి, పాస్‌పోర్టు ముద్ర, పెట్టెలు, ఎర్ర రిబ్బన్. రాసింది అమ్మకు చదివి వినిపించి, ‘ఇందులో అర్థం కానిది ఏముంది?’ అన్నారు. పొద్దున్న లేచి చూస్తే ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి ఆయన పాస్‌పోర్టులో ఉంది.