నవంబరు బురదకొక జత, జనవరి మంచుకొక జత

అక్టోబరు మొదట్లో

జింకల సీజన్‌కి బూట్ల పని మొదలుపెట్టాను. అమెరికాలో నేనుండే మినెసోటా రాష్ట్రంలో తుపాకీతో జింక వేట నవంబరు 6కి దగ్గర్లో పడే శనివారం మొదలవుతుంది. 1979 తర్వాత పుట్టినవాళ్ళకి మామూలుగా ఫైర్‌ఆర్మ్స్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉంటేగాని లైసెన్స్ ఇవ్వరు. నాది వేసవిలోనే అయిపోయింది. నారింజ రంగు జాకెట్, టోపీ కూడా వచ్చేశాయి. ఇక మిగిలింది కాళ్ళ సంగతే.

ఇంటికి ఫోన్ చేసి చెబితే నాన్న వెంటనే, "జింకని కొడితే జైల్లో వేస్తారు కదరా" అన్నారు. మన దగ్గర నిజమే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఊరుకోదు. ఇక్కడ తెల్లతోక జింకలు మరీ పెరిగిపోకుండా రాష్ట్రమే ఏటా లైసెన్సులిచ్చి వేటాడిస్తుంది. ఆయన అడిగిన రెండో ప్రశ్న ఇంకా మంచిది: "అంత చలిలో కాళ్ళు ఎలా ఆగుతాయిరా?"

నాకు పడే పనులు రెండు. ఒకటి, తెల్లారకముందే వెళ్ళి చెట్టుకి కట్టిన స్టాండ్ మీద కదలకుండా కూర్చోవడం. రెండోది, సీజన్ అయ్యాక లేక్ సుపీరియర్ ఉత్తరపు ఒడ్డున ఉన్న సుపీరియర్ హైకింగ్ ట్రెయిల్ మీద నడవడం. ఆ ట్రెయిల్ మొత్తం 300 మైళ్ళ పైమాటే. నేను తిరిగేది గూస్‌బెర్రీ జలపాతం, స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్ చుట్టుపక్కల చిన్న ముక్కలు. రెండిటికీ కలిపి ఒకటే జత కొంటే డబ్బు కలిసొస్తుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నన్ను తన స్థలంలోకి వేటకి రానిచ్చే పెద్దాయన (ఆఫీసులో మా సీనియర్) మాత్రం ఒక్కటే అడిగారు: "నువ్వు నడుస్తావా, కూర్చుంటావా? ముందు అది తేల్చుకో."

అక్టోబరు మధ్యలో, షాపుల చుట్టూ

పెట్టెల మీద 200, 400, 800, 1200 గ్రాములని రాసి ఉంటుంది. అది బూటు బరువు కాదు. వెచ్చదనానికి లోపల వేసిన థిన్సులేట్ లాంటి పొర చదరపు మీటరుకి ఎంత బరువుందో ఆ లెక్క. నడిచేవాడికి 200 చాలు, మహా అయితే 400. కదలకుండా కూర్చునేవాడికి 800 నుంచి పైకి. 1200 గ్రాములవి తొడుక్కుని గుట్ట ఎక్కితే పావుగంటలో సాక్స్ చెమటతో తడిసిపోతాయి. ఆ తడితోనే వెళ్ళి కూర్చుంటే, బూటు ఎంత ఖరీదైనదైనా వేళ్ళు కొంకర్లు పోతాయి. చలి బయటినుంచి వస్తుందనుకుంటాం గాని, సగం గొడవ లోపలి తడితోనే.

"మైనస్ 40 వరకు" అని రాసే అంకెని నేను లెక్కలోకి తీసుకోవడం మానేశాను. మైనస్ 40 దగ్గర ఫారెన్‌హీట్, సెల్సియస్ ఒకటే కాబట్టి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, అంతే. ఆ అంకె ఒక్కో కంపెనీ ఒక్కోలా కడుతుంది. పైగా ఆ మనిషి నడుస్తున్నాడా, కూర్చున్నాడా అన్నది పెట్టె మీద రాయరు.

వాటర్‌ప్రూఫ్ అన్నవి రెండు రకాలు. ఒకటి పూర్తి రబ్బరు: నీళ్ళు లోపలికి రావు, చెమటా బయటికి పోదు. రెండోది తోలు బూటు లోపల గోర్‌టెక్స్ లాంటి పలచటి పొర కుట్టినది. దాని సన్నటి రంధ్రాల్లోంచి ఆవిరి పోతుంది, నీటి చుక్క పట్టదు. వినడానికి ఇది అన్నివిధాలా మేలుగా ఉంటుంది. కానీ పైతోలు నీళ్ళు పీల్చి నానిపోతే ఆవిరికి దారి మూసుకుపోతుంది. అందుకే తోలుకి మైనం పట్టించాలి. మరీ గడ్డకట్టే చలిలో ఆ ఆవిరి బయటికి చేరకముందే మధ్యలోనే మంచుగా పేరుకుంటుంది.

ఈ రెండిటికీ మధ్యస్థంగా పాక్ బూట్లున్నాయి: కింద రబ్బరు, పైన తోలు. 1912లో మెయిన్ రాష్ట్రంలో ఎల్.ఎల్. బీన్ అమ్మిన వేట బూటు ఈ పద్ధతిదే. మొదట అమ్మిన 100 జతల్లో 90 కుట్లు ఊడి వెనక్కి వచ్చాయని, ఆయన అందరికీ డబ్బు తిరిగిచ్చి బూటుని సరిచేశాడని అంటారు. అది చదివినప్పటినుంచీ షాపులో ఏ పాక్ బూటు చేతికొచ్చినా ముందు రబ్బరూ తోలూ కలిసే కుట్టుని వంచి చూస్తున్నాను. అక్కడ రెండు మూడు వరసల కుట్టు ఉండాలి, దాని మీద సీలు ఉండాలి.

ఒక వారాంతం రెడ్ వింగ్ ఊరి దాకా వెళ్ళాం. బూట్ల కంపెనీకి ఆ ఊరి పేరే. షోరూములో 20 అడుగుల బూటు ఒకటి నిలబెట్టారు, సైజు 638½. పిల్లలకి దాని ముందు ఫోటోలు, నాకు పాదం కొలిపించుకునే పని. సాయంత్రం పూట కొలిపించుకోవడం మంచిది, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. వేసుకోబోయే మందపాటి ఉన్ని సాక్స్ వెంట తీసుకెళ్ళాలి. షాపులో ఏటవాలు చెక్క ఉంటే దాని మీద కిందికి దిగి చూడాలి. బొటనవేలు ముందుకి తగిలితే అర సైజు పెంచాలి, మడమ పైకి లేస్తుంటే ఆ జత వదిలెయ్యాలి. బిగుతు బూటులో రెండు జతల సాక్స్ కుక్కితే వెచ్చదనం పెరగదు, రక్తం ఆడక ఇంకా చల్లబడుతుంది.

చివరికి తీసుకున్నవి: కూర్చోవడానికి ఫెల్ట్ లైనర్ (ఒత్తిన ఉన్నితో చేసిన లోపలి తొడుగు) బయటికి తీసే వీలున్న పాక్ బూట్లు, నడవడానికి 200 గ్రాముల గోర్‌టెక్స్ తోలు బూట్లు. మొదటివి 200 డాలర్ల లోపు, రెండోవి కొంచెం పైన. ఆ లైనర్ చేతిలోకి తీసుకుంటే అచ్చం మన గొంగడి ముక్కలా ఉంది, అదే గరుకు, అదే ఉన్ని వాసన. ఇంట్లో "రెండెందుకు?" అన్న చర్చ జరిగింది. దాని వివరాలు ఇక్కడ అనవసరం.

నవంబరు, సీజన్

మినెసోటా అంటే అందరూ మంచే ఊహించుకుంటారు. నవంబరు మొదట్లో నాకు దొరికింది బురద. సున్నాకి అటూ ఇటూ ఊగే ఉష్ణోగ్రత, పైన పలచటి ఐసు, కాలు వేస్తే కింద చీలమండదాకా నల్లటి నీళ్ళు. కాళ్ళకి గడ్డకట్టిన జనవరి కంటే ఈ రోజులే ప్రమాదం. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో సైనికుల పాదాలు పాడైంది తడివల్ల. గంటల తరబడి తడిగా ఉంటే 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా ఆ జబ్బు వస్తుంది. రబ్బరు అడుగు విలువ ఇక్కడ తెలిసింది. చిన్న వాగు దాటినా లోపల చుక్క లేదు.

కారు నుంచి స్టాండ్‌కి నడక ఒక మైలు ఉంటుంది. పెద్దాయన పద్ధతి ఇది: పలచటి సాక్స్‌తో, లేసులు వదులుగా, జాకెట్ జిప్ తీసి, మెల్లగా నడవాలి. స్టాండ్ కింద ఆగి సాక్స్ మార్చాలి. మొదటిసారి బూటు విప్పినప్పుడు హెడ్‌ల్యాంప్ వెలుగులో నా పాదం మీంచి ఆవిరి లేవడం కనబడింది. అరచేత్తో తడి తుడిచి, జాకెట్ లోపల వెచ్చగా దాచుకున్న ఉన్ని సాక్స్ ఎక్కించాను. అప్పుడుగాని లేసులు బిగించలేదు. విప్పిన తడి సాక్స్ జిప్ కవర్లో పడేసి బ్యాగులోకి. కాటన్ సాక్స్ అయితే ఇంట్లోనే వదిలెయ్యండి, తడిస్తే అవి ఆరవు.

స్టాండ్ అడుగు ఇనప జాలీ. చలి అందులోంచే పైకెక్కుతుంది. పాత యోగా మ్యాట్ కోసి కాళ్ళ కింద పరిచాక తేడా బాగా తెలిసింది. కాలు కదిలిస్తే చప్పుడు రాకపోవడం అదనపు లాభం. వేళ్ళకి అంటించే వేడి ప్యాకెట్లు మాత్రం నన్ను పెద్దగా ఆదుకోలేదు. వాటిలో ఉండేది ఇనప పొడి, గాలి తగిలి తుప్పు పట్టేటప్పుడు వేడి పుడుతుంది. మూసుకుపోయిన రబ్బరు బూటులో గాలేది? బయట తెరిచి బాగా వేడెక్కాక పెడితే కొంత నయం. బూటు మీంచి తొడిగే ఓవర్‌బూట్లు పెద్దాయన దగ్గర చూశాను. నడిచేటప్పుడు బ్యాగుకి వేలాడదీసి, కూర్చున్నాక తొడుగుతారు. అవుంటే పాక్ బూట్లు అక్కర్లేకుండా 400 గ్రాములవాటితోనే సీజన్ గడిచిపోతుందేమో అని నా అనుమానం.

జింక? ఒక ఆడజింక. ఊళ్ళో పొట్టేలు కూరకి వేసే మసాలాయే వేశాం, కాకపోతే కొవ్వు తక్కువ కాబట్టి నూనె ధారాళంగా పడింది.

డిసెంబరు, ఆరబెట్టే గొడవ

బూటు కొనడం కంటే ఆరబెట్టడం పెద్ద పని. బయటికి పొడిగా కనబడే లైనర్ని రాత్రి తీసి చూస్తే వేళ్ళ దగ్గర తడి చేతికి అంటుకునేది. ఇంటికి రాగానే లైనరూ, అడుగున పరిచే అట్టా రెండూ బయటికి తీసి విడివిడిగా నిలబెడుతున్నాను. తోలు బూట్లలోకి న్యూస్‌పేపర్ ఉండలు, రెండు గంటలకోసారి మార్చాలి. హీటర్ పక్కన పెడితే తోలు పగులుతుంది, సోల్ జిగురు వదిలేస్తుంది. సన్నటి వెచ్చని గాలి వదిలే బూట్ డ్రయ్యర్ ఒకటి కొన్నాను, ఈ సామాన్లన్నిట్లో నిజంగా డబ్బుకి తగ్గది అదే. తోలు పూర్తిగా ఆరాక తేనెమైనం క్రీము, ముఖ్యంగా కుట్ల మీద.

జనవరి, ట్రెయిల్ మీద

200 గ్రాముల బూట్లు మైనస్ 15లో కూడా నడిచినంతసేపూ హాయిగా ఉన్నాయి. ఆగితే పది నిమిషాల్లో వేళ్ళు గుర్తుచేస్తాయి, అందుకే టీ నిలబడే, అటూ ఇటూ తిరుగుతూనే. గెయిటర్లు (బూటు పై అంచుని కప్పుతూ పిక్కకి చుట్టుకునే తొడుగులు) లేకపోతే పొడిమంచు పైనుంచి బూటులోకి జారి కరుగుతుంది, అప్పుడు గోర్‌టెక్స్ ఉన్నా ఏం లాభం? జలపాతం దగ్గర తొక్కి తొక్కి గాజులా అయిన దారికి ఏ సోల్ నమ్మకం లేదు. రబ్బరుకి తగిలించే ఇనప ముళ్ళ మైక్రోస్పైక్స్ తప్పవు.

ఉత్తర మినెసోటాలో ఎలీ ఊరి వైపు వాళ్ళు వేసుకునే మూస్ (జింకల్లో చాలా పెద్ద జాతి) తోలు మక్‌లక్స్ కూడా ఒక స్నేహితుడివి అడిగి కొద్దిదూరం నడిచి చూశాను. ఇక్కడి ఆదివాసుల పాదరక్షల పద్ధతిలో కుట్టినవి. వాటర్‌ప్రూఫ్ కానే కాదు. అయినా మైనస్ 20లో మంచు ఇసుకలా పొడిగా ఉంటుంది, తడపదు. సోల్ మెత్తన, పాదం లోపల స్వేచ్ఛగా వంగుతుంది, వెచ్చదనం అక్కడే పుడుతోంది. కాకపోతే సరస్సు మీద మంచు కింద నీళ్ళు దాగి ఉండే చోట వీటితో అడుగు పెట్టకూడదు.

ఆదివారం మినియాపోలిస్ పక్కనున్న మేపుల్ గ్రోవ్ గుడికి ట్రెయిల్ నుంచి నేరుగా వెళ్తే, పొడుగు లేసులు విప్పేలోపు హారతి అయిపోయింది. గుడికి వేరే చెప్పులు కారులో పెట్టుకోవాలి.

ఇప్పటికి మిగిలిన పని: పాక్ బూట్లకి రెండో జత ఫెల్ట్ లైనర్లు, ఒకటి ఆరుతుంటే ఒకటి వాడుకోవడానికి. మార్చిలో చలికాలం సరుకు తగ్గింపులో పెడతారు, 9వ సైజు ఉంటే ఓవర్‌బూట్లు కూడా అప్పుడే తీసుకుంటాను.