మన లైనా రింక్ గోలీ

కార్నెల్ యూనివర్సిటీలో చదివి ఐస్ హాకీలో గొప్ప గోలీ (గోల్‌కీపర్)గా పేరు తెచ్చుకున్న కెన్ డ్రైడెన్ 2025 సెప్టెంబరు 5న పోయారని తెలిసినప్పటి నుంచి ఆయన గురించి మన సంచికలో రాయాలని ఉంది. కార్నెల్‌లో చదివిన మన తెలుగువాళ్లకు అక్కడి ఐస్ హాకీ మైదానం లైనా రింక్ అంటే హార్వర్డ్ మ్యాచ్‌లో మంచు మీదకి చేపలు విసరడం, ఎదుటి జట్టు పేర్లు చదువుతుంటే అందరం న్యూస్‌పేపర్లు ముఖానికి అడ్డం పెట్టుకోవడం గుర్తుంటాయి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) ఎటు పోతోందో కూడా కంటికి ఆనలేదు. పక్కన కూర్చున్న ల్యాబ్ సీనియర్ ఆట కంటే ఎక్కువగా డ్రైడెన్ గురించే చెప్పాడు. అప్పటి నుంచి ఆయనంటే నాకు ఎంతో గౌరవం.

కెనడాలోని హామిల్టన్‌లో పుట్టిన డ్రైడెన్‌ను 1964లో, పదహారేళ్ల వయసులో బోస్టన్ బ్రూయిన్స్ జట్టు డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) ఎంచుకుంది. తర్వాత ఆయన్ని ఆడించుకునే హక్కులు మరో జట్టు మాంట్రియల్ కెనేడియన్స్‌కు వెళ్లాయి. అంత పెద్ద జట్టు చేతిలో ఉన్నా ఆయన కార్నెల్ ఉన్న ఇథాకా వచ్చి హిస్టరీ చదివారు. మూడు సీజన్లలో 76 గెలుపులు, 4 ఓటములు, ఒక టై. 1967లో కార్నెల్‌కు మొట్టమొదటి జాతీయ ఛాంపియన్‌షిప్.

ఆ తర్వాత మెక్‌గిల్ యూనివర్సిటీలో లా చదువుతూనే ఆట కొనసాగించారు. 1971 మార్చిలో కెనేడియన్స్ పిలిచింది. లీగ్‌లో ఆడింది ఆరే మ్యాచ్‌లు, ప్లేఆఫ్స్‌లో (లీగ్ తర్వాతి నాకౌట్ దశలో) ఎదురుగా బాబీ ఆర్, ఫిల్ ఎస్పొసీటో లాంటి మేటి ఆటగాళ్లున్న బోస్టన్! ఆ సీజన్‌లో 399 గోల్స్ కొట్టిన జట్టు అది. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో దాన్ని ఓడించి, చివరికి లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచారు. ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ కూడా ఆయనదే. ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు మాత్రం ఆ మరుసటి ఏడాది వచ్చింది! కాన్ స్మైత్ ముందు, కొత్త ఆటగాడి అవార్డు తర్వాత అందుకున్నది ఆయనొక్కరే.

నన్ను ఎక్కువగా కదిలించేది 1973 నాటి సంగతి. జీతం విషయంలో క్లబ్‌తో కుదరకపోతే, అప్పటికే లా డిగ్రీ చేతిలో ఉంది కాబట్టి, సీజన్ మొత్తం వదిలేసి టొరంటోలో ఒక లా ఆఫీసులో ట్రైనీగా చేరారు. ఆయన లేని ఆ ఏడాది కెనేడియన్స్ ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే ఇంటిదారి పట్టింది. తిరిగొచ్చాక 1976 నుంచి 1979 దాకా వరుసగా నాలుగు కప్పులు గెలిచారు. అంతకుముందు గెలిచినవాటితో కలిపి మొత్తం ఆరు. ఆట ఆగినప్పుడల్లా నిలబెట్టిన స్టిక్ మీద చేతులు, చేతుల మీద గడ్డం ఆనించి నిలబడే ఆ ఆరడుగుల నాలుగంగుళాల మనిషి ఫొటో మీరు చూసే ఉంటారు.

31 ఏళ్లకే, గెలుస్తూ ఉండగానే రిటైరయ్యారు. 397 మ్యాచ్‌ల్లో ఓడింది 57 మాత్రమే. "ఇంకా ఆడొచ్చు కదా" అని నాకూ అనిపిస్తుంది. కానీ ఆయనకు చేయాల్సినవి వేరే ఉన్నాయి. పుస్తకాలు రాశారు, టొరంటో మేపుల్ లీఫ్స్‌కు ప్రెసిడెంటుగా, తర్వాత కెనడాలో ఎంపీగా, కేంద్ర మంత్రిగా పనిచేశారు.

2010 ఫిబ్రవరిలో కార్నెల్ ఆయన ఒకటో నంబరునూ, మరో ఆటగాడు జో న్యూఎండైక్ 25వ నంబరునూ రిటైర్ చేసింది, అంటే ఆ జెర్సీ నంబర్లు ఇక ఎవరికీ ఇవ్వరు. అంతకుముందు మన పురుషుల హాకీ జట్టులో ఎవరికీ ఆ గౌరవం దక్కలేదు.

1966-69 మధ్య ఇథాకాలో చదివిన పెద్దలు మనలో ఎవరైనా ఉంటే, డ్రైడెన్ ఆట కళ్లారా చూసి ఉంటే, వచ్చే సంచికకు దయచేసి రాయండి.